మామిడిపిందె మూత ఉన్న బీరువా

అమీర్‌పేటలో మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ దాటుకుని ఓ సందులోకి తిరిగితే పాత సామాన్ల కొట్టు ఒకటి ఉంది. ఆ కొట్టు బతికేది హాస్టళ్ళ మీద. ఒక హాస్టల్ మూతపడితే దాని ఇనుప మంచాలు అక్కడికి వస్తాయి, ఇంకో హాస్టల్ తెరిస్తే అక్కణ్ణించే పోతాయి. ఆ మంచాల గుట్ట వెనక, దుమ్ము కొట్టుకుని ఉంది నా బీరువా. అప్పటికింకా నాది కాదనుకోండి. సోమాజిగూడలో ఎవరిదో పాత బంగళా పడగొట్టినప్పుడు వచ్చిందట.

టేకు చెక్క. తలుపుల అంచుల్లో ఇత్తడి తీగెలు, వాటికి చిన్న చిన్న ఆకులు. పిడులు కూడా ఇత్తడివే, నల్లబడిపోయి ఉన్నాయి. అన్నిటికన్నా నన్ను పట్టేసింది తాళంచెవి దూర్చే చోట వేలాడుతున్న మూత. మామిడిపిందె ఆకారంలో ఉంది. వేలితో పక్కకి తోస్తే జరుగుతుంది, వదిలేస్తే మెల్లగా వెనక్కి వచ్చి రంధ్రాన్ని కప్పేస్తుంది. చిన్నపిల్లలా దాన్ని పదే పదే తోసి చూస్తూ నిలబడ్డాను.

"గది మీకేం పనికొస్తది మేడం? మస్తు బరువు," అన్నాడు కొట్టాయన. "గీ హాస్టల్ బీరువాలు చూడుండ్రి. ఇనుపయి, ఫికర్ ఉండది."

"నాకు ఇదే కావాలి."

"అయితె సార్‌ను తోల్కొని రాండ్రి. సార్ చూసినంక మాట్లాడుదం."

"సార్ లేరు."

"డ్యూటీల ఉన్నరా? ఆదివారం రాండ్రి ఇద్దరు."

"ఆదివారం కూడా రారు. చనిపోయారు."

ఆయన మొహం చిన్నబోయింది. అప్పటిదాకా మేడంని, ఒక్క క్షణంలో అమ్మనైపోయాను. "అయ్యో, గట్లనా అమ్మా," అని, మళ్ళీ మొదలుపెట్టాడు. "మరి కొడుకున్నడా? ఆయన్నన్న..."

"కళ్ళున్నాయన్నా నాకు. చూడ్డానికి అవి చాలు," అన్నాను. నా గొంతు కాస్త పెద్దదే. పక్కన మంచాలు బేరమాడుతున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

ఎందుకంత పట్టుదల అంటే, చెప్తాను. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారి బీరువాలో కింది అర నాది. అర నాది, తాళంచెవి ఆవిడది. చీర కావాలంటే ఆవిడ్ని అడగాలి. ఆవిడ బొడ్లోంచి గుత్తి తీసి, తనే తెరిచి, తనే వెతికి, "ఇదెందుకు, ఆ పచ్చది కట్టుకో," అని తనే మార్చి ఇచ్చేవారు. ఆవిడ పోయాక గుత్తి మా ఆయన చేతికి వచ్చింది. మంచి మనిషి, అడిగితే ఏనాడూ కాదనలేదు. అడగకుండా తెరుచుకునే రోజు మాత్రం నాకు రాలేదు.

ఆయన పోయాక, కర్మలన్నీ పూర్తయిన మర్నాడు మా వదినగారు, అంటే మా ఆయన అక్క, ఆ బీరువా తెరిచి నా పట్టుచీరలన్నీ చుట్టాలకి పంచేశారు. "ఇంక నీకెందుకమ్మా ఇవి," అన్నారు. చివరికి ఖాళీ బీరువాని మా మరిది వ్యాన్‌లో వేసుకుపోయాడు. ఆ తర్వాత పంజాగుట్టలో ఈ ఫ్లాట్‌కి మారాను. నా బట్టలు అప్పటికింకా సూట్‌కేసులోనే ఉన్నాయి. ఉద్యోగం చేసుకుంటూ, కరెంటు బిల్లు నా పేరు మీద కడుతూ, సూట్‌కేసులోంచి చీర తీసుకుని కట్టుకునే ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను ఈ అపార్ట్‌మెంట్‌లో.

ఈ పాత బీరువా కొంటున్నానని వదినగారికి ఫోన్‌లో చెప్తే ఒప్పుకోలేదు. అమీర్‌పేటలోనే ఉంటారు ఆవిడ, వాళ్ళింట్లో పక్కకి జరిగే తలుపులున్న అలమరాలు గోడంతా ఉన్నాయి. "అలాంటివి చేయించుకో శుభ్రంగా. ఎవరు చచ్చిపోతే వచ్చిందో ఏంటో ఆ బీరువా!" అన్నారు. బతికున్నవాళ్ళ బీరువాలతో నేనేం సుఖపడ్డానని అడుగుదామనుకుని మింగేశాను. మర్నాడు ఆఫీసు నుంచి తిన్నగా వెళ్ళి అడ్వాన్సు ఇచ్చి వచ్చాను.

బీరువా శుక్రవారం వచ్చింది. వద్దన్న వదినగారు దానికంటే ముందే వచ్చి కూర్చున్నారు. లిఫ్టులో పట్టలేదు. తలుపులు విడిగా, పై భాగం విడిగా మెట్ల మీద మోసుకొచ్చి మళ్ళీ బిగించారు. పైన కప్పిన దుప్పటి తీయగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆకులు, తీగెలు, పిడులు, నా మామిడిపిందె, అన్నిటి మీదా మందంగా బంగారు రంగు పెయింటు! పెళ్ళి మండపం స్తంభంలా మెరిసిపోతోంది నా బీరువా.

"ఇదేంటన్నా? రంగు ఎవరు వెయ్యమన్నారు?"

కొట్టాయన నవ్వు మొహంతో నిలబడ్డాడు. "పాత సామాన్ అని ఎవలన్న అంటె మీకు నామోషీ కదమ్మా. గందుకే కొత్తదాని లెక్క చేపిచ్చిన. దీనికి పైసలు సుత అడుగుత లేను."

మంచి చేశాననే అనుకుంటున్నాడు పాపం. తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ఈలోగా ఆయన తాళంచెవి తీసి, నా పక్కనుంచి చెయ్యి చాపి, వెనక నిలబడ్డ వదినగారికి ఇచ్చాడు. ఆవిడ నుదుటిన పెద్ద బొట్టు, చేతిలో పసుపు కుంకాల పళ్ళెం ఉన్నాయి. ఇంటావిడ ఆవిడే అనుకున్నాడు. ఆవిడా కాదనలేదు.

"మొదటిసారి పుణ్యస్త్రీ తెరవాలమ్మా. అందుకే పనులన్నీ మానుకుని వచ్చాను," అన్నారు వదినగారు, కొట్టాయనా కూలీలూ వెళ్ళాక. నిజమే, ప్రేమగానే వచ్చారు. నాకిష్టమని పులిహోర కూడా తెచ్చారు. కానీ తాళంచెవి ఆవిడ గుప్పిట్లో చూడగానే అత్తగారి గుత్తి చప్పుడు నా చెవుల్లో మోగింది.

వదినగారు తలుపుకి పసుపు రాసి, కుంకం పెట్టి, తాళంచెవి దూర్చబోయారు. మామిడిపిందె కదల్లేదు. పెయింటు దాన్ని తలుపుకి అతికించేసింది. తోశారు, గోటితో పీకారు, గోరు విరిగింది.

"చూశావా! నాలాంటి దాని చేత్తోనే తెరుచుకోవట్లేదు. మంచి శకునం కాదు. ఆ కొట్టువాడికి ఫోన్ చేసి వెనక్కి పంపించెయ్."

"శకునం కాదు వదినగారూ, పెయింటు," అన్నాను.

కింద హార్డ్‌వేర్ కొట్లో పెయింటు కరిగించే థిన్నర్ సీసా కొనుక్కొచ్చాను. కొంగు బిగించి, పాత గుడ్డ ముంచి రుద్దడం మొదలుపెట్టాను. ఆ వాసనకి వదినగారు ముక్కు మూసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఇన్నేళ్ళ కోపమూ నా చేతిలోకి వచ్చినట్టుంది, ఎంత రుద్దినా అలుపు రాలేదు. బంగారు రంగు గుడ్డకి అంటుకుంటూ వచ్చేసింది. కింద నల్లబడిన ఇత్తడి కనపడింది. దేవుడి సామాన్లు తోమినట్టు చింతపండు ఉప్పు వేసి తోమాను.

"చెక్క మీద పడనివ్వకు, మచ్చ పడుతుంది," అన్నారు వదినగారు ఉండబట్టలేక. తడిగుడ్డ తెచ్చి అంచులు ఆవిడే తుడిచారు.

చివరికి మామిడిపిందె కదిలింది. వేలితో తోశాను, జరిగింది. వదినగారు తాళంచెవి పట్టుకుని ముందుకు వచ్చారు. నేను చెయ్యి చాపాను.

"ఇలా ఇవ్వండి."

"నువ్వా?"

"నేనే."

"నువ్వు తెరవకూడదమ్మా."

"ఇది నా ఇల్లు, నా బీరువా. నేను తెరవకూడని బీరువా నా ఇంట్లో ఎందుకు? ఇవ్వండి."

ఇవ్వడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తాళంచెవి నా అరచేతిలో పడ్డాక, పళ్ళెంలోంచి కుంకం తీసి మామిడిపిందెకి నేనే బొట్టు పెట్టాను. వదినగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తాళం తిరిగింది. తలుపులు తెరిస్తే లోపల్నుంచి పాత కర్పూరం వాసన వచ్చింది. అరలన్నీ ఖాళీ.

వదినగారు నా భుజం మీదుగా తొంగి చూశారు. "ఇంత బీరువాలో ఏం పెడతావు? నీ దగ్గర ఏముందని?"

"ఏమీ లేదు. ఉన్నవన్నీ మీరే పంచేశారుగా."

నేను తలుపులు దగ్గరికి వేసి, తాళం తిప్పి, చెవి బయటికి లాగాను. మామిడిపిందె వచ్చి రంధ్రాన్ని కప్పుకుంది.

"ఖాళీ బీరువాకి తాళమెందుకే?" అన్నారు వదినగారు నెమ్మదిగా.

"వేసుకోవాలనిపించింది," అని తాళంచెవి నా బొడ్లో దోపుకున్నాను.