నీళ్ల మీద పచ్చ లైటు

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. మా తమ్ముడి మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు.

ఎనభైల్లో మాట. రాయ్‌పూర్ రైల్వే కాలనీ కుర్రాళ్లం, ఫొటోల పిచ్చి. ఆ చలికాలం నలుగురం రైల్లో వెళ్లి తిల్దా స్టేషన్‌లో దిగి, అద్దె సైకిళ్ల మీద ఓ పెద్ద చెరువుకి వెళ్లాం. వలస బాతులు దిగే చోటు. వేట నిషేధం. చుట్టూ బురద, తుంగ. నా భయమంతా మా తమ్ముడు శీను గురించే. పదిహేడేళ్లవాడు, ఈత రాదు. అమ్మ వద్దంటే నేనే పూచీ పడి తీసుకొచ్చాను.

తెల్లవారకముందే గట్టు మీద విడివిడిగా నక్కి కూర్చోవాలి. నోరెత్తితే బాతులు లేచిపోతాయి. మా ప్రసాద్ వాళ్ల నాన్న రైలు గార్డు. వాడే ఉపాయం చెప్పాడు. టార్చికి పచ్చ కాగితం చుట్టి అటూ ఇటూ ఊపితే అంతా బాగున్నట్టు. చూసినవాడు బదులు ఊపాలి. ప్రమాదమైతే ఊపాల్సిన ఎర్ర కాగితం సంగతి మాలో ఒక్కడికీ తట్టలేదు. రైల్వే బుర్రలు మరి!

"పానీ మా ఝన్ ఉతరబే బాబూ" అని చెరువు కాపలా చౌకీదారు రెండుసార్లు హెచ్చరించాడు, నీళ్లలో దిగొద్దని.

నాలుగున్నర... మంచు. నేను ఊపాను. కుడివైపు నుంచి ప్రసాద్ ఊపాడు. ఎడమవైపు నుంచి శీను, వాడి అవతల మాలో నాలుగోవాడు రాజు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు... ఎదురుగా ఇంకొకటి ఊగింది.

అటు దగ్గర్లో గట్టే లేదు. అన్నీ నీళ్లే. మసకగా, గార్డు చేతిదీపంలా... నెమ్మదిగా అటు... ఇటు... కింద నీళ్లలో దాని వెలుగు పడటం లేదు. బాతుల కూతలు ఒక్కసారిగా ఆగిపోయాయి. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. తర్వాత... తపక్... తపక్... ఎవరో నీళ్లలో నడుస్తున్నారు.

శీను చోట లైటు లేదు.

పిచ్చివాడిలా పరుగెత్తాను. ఛాతీ లోతు నీళ్లలో ఉన్నాడు, టార్చి పైకెత్తి బదులు ఊపుతూ. చొక్కా పట్టి లాగితే నా మీదికే తిరగబడ్డాడు.

"ఛోడ్! నన్నొగ్గీ! అన్నయ్య పచ్చ లైటు ఊపతన్నాడు! రమ్మంతన్నాడు!"

"ఒరే, అన్నయ్యని నేనేరా! ఇక్కడే ఉన్నాన్రా!"

వాడు నా మొహం చూశాడు. మళ్లీ ఆ లైటు వైపు చూశాడు. మళ్లీ నన్ను... ఎవర్ని నమ్మాలో వాడికి తెలియలేదు. నా జన్మలో అంత భయం ఎరగను.

నా అరుపులకి ప్రసాద్, రాజు పరుగెత్తుకొచ్చారు. ముగ్గురం కలిసి గట్టుకి ఈడ్చాం. తెల్లారాక చూస్తే అటు పడవ లేదు, మనిషి లేడు. ఎవరో జాలరి అయ్యుంటాడన్నాడు రాజు. ఏమో... అయ్యుండొచ్చు. ప్రసాద్ మాత్రం తన టార్చికున్న పచ్చ కాగితం పీకి బురదలో పారేశాడు.

ఆనాటి నుంచి శీను నన్ను అన్నయ్యా అనడం మానేశాడు. వెంకటూ అంటాడు. పొగరని అమ్మ తిట్టేది. వాడి పెళ్లయ్యాక ఓసారి ఉండబట్టలేక అడిగేశాను. నా మొహంలోకి చూసి, మెల్లగా అన్నాడు.

"ఆ రోజు పచ్చ లైటు ఊపినోడివి కాదు, నన్ను గట్టుకి లాగినోడివి... నువ్వేనా?"

నేనేరా అన్నాను. సరే అని తలూపాడు.

ఇప్పటికీ పేరుపెట్టే పిలుస్తున్నాడు.