పదకొండింటి ఫోను

గంటమ్మ గురించి చాలామంది చాలా అన్నారు. మంత్రిగారి కారుకు అడ్డం పడి నిధులు తెచ్చిందన్నారు కొందరు. మోకాళ్ళ నొప్పితో పది మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగే మనిషి ఏ కారుకు అడ్డం పడగలదు? సొంత మనవరాలికి ఆటిజం ఉంది కనుకనే అంత తపన పడిందన్నారు మరికొందరు. ఆమెకు మనవలే లేరు. కావలసినవాళ్ళ పేర్లు జాబితాలో పైకి జరిపిందని ఒక పెద్దమనిషి సంతకం చేసి మరీ అర్జీ పెట్టాడు. రిజిస్టరు తెప్పించి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూశారు. ఒక్క పేరైనా వంతు తప్పి ముందుకు రాలేదు. మరి ఆమె ఏం చేసినట్టు? చెప్పాలంటే మెట్ల కింద ఉన్న ఆ ఇరుకు గది నుంచి మొదలుపెట్టాలి.

ప్రభుత్వ పిల్లల వికాస కేంద్రంలో ఆమె టెలిఫోన్ ఆపరేటరు. అసలు పేరు జీతాల కాగితంలో మాత్రమే ఉండేది. ఫోను గంటతో పాతికేళ్ళు కాపురం చేసింది కనుక అందరికీ గంటమ్మే. ఆటిజం ఉన్న పిల్లలకు అక్కడ మాట, ఆట, తమ పనులు తాము చేసుకోవడం ఉచితంగా నేర్పుతారు. సీట్లు తక్కువ, జాబితా పొడుగు. ఆరేళ్ళు నిండేలోపు చేరకపోతే ప్రభుత్వం ఖర్చు భరించదు. సీటు ఖాళీ అయినప్పుడల్లా గంటమ్మ పొద్దున పదకొండింటికి, లైను తీరికగా ఉండే వేళ, వరుసలో ఉన్న ఇంటికి ఫోన్ చేసేది. ఎత్తకపోతే ‘స్పందన లేదు’ అని ఎర్ర సిరాతో రాసేది. ఆ పేరు జాబితా అడుగుకు పోయేది. తొమ్మిదేళ్ళు ఈ పని ఆమె వంక పెట్టడానికి వీల్లేకుండా చేసింది. ఆ ఎర్రటి అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఆమె కథ చెప్పేటప్పుడు ఈ సంగతి దాచడం న్యాయం కాదు.

ఒక మధ్యాహ్నం ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే ఒకావిడ, మోచేతుల దాకా తడిసిన చొక్కాతో, ఐదున్నరేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల ఎవరి మొహమూ చూడలేదు. తిన్నగా వెళ్ళి ఫోను వైరు మెలికలు సాగదీసి వదిలింది. రిసీవరు చెవికి ఆనించుకుని, అందులోని గుయ్‌మనే మోతను అదే శ్రుతిలో తనూ అందుకుంది.

గంటమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. “పాతికేళ్ళుగా వింటున్నా, నాకే ఇంత బాగా రాలేదు!”

తల్లి నవ్వలేదు. “మా పాప వంతు ఎప్పుడొస్తుందమ్మా?”

గంటమ్మ రిజిస్టరు తిప్పింది. “రెండుసార్లు వచ్చి పోయింది తల్లీ. ఫోన్ చేశాం. నువ్వు ఎత్తలేదు.”

“ఎన్నింటికి చేశారు?”

“పదకొండింటికి.”

“పదకొండింటికి మా ఫోన్లన్నీ బీరువాలో పడుంటాయి. తాళం సూపర్‌వైజరు జేబులో ఉంటుంది. అంటే పదకొండింటికి తీరిగ్గా కూర్చునేవాళ్ళ పిల్లలకేనా ఇవన్నీ?”

గంటమ్మకు సర్రున కోపం వచ్చింది. “రూలు నేను పెట్టానా?”

“పెట్టలేదు. రాసిన చెయ్యి మాత్రం మీదే కదా.” అంతలోనే ఆమె గొంతు తగ్గింది. “ఇంకో అయిదు నెలల్లో దీనికి ఆరేళ్ళు నిండుతాయి. మీరొక్క గీత గీస్తే పేరు పైకొస్తుంది. మీ కాళ్ళు పట్టుకుంటానమ్మా.”

“నా కాళ్ళు నాకే పనికిరావడం లేదు, వదిలెయ్. ఆ గీత గీస్తే ఇంకో పిల్ల కిందికి పోతుంది. ఆ పిల్ల తల్లి ఏ బీరువా ముందు నిలబడి ఉందో నాకేం తెలుసు?”

తను అన్న మాటే ఆమెను పట్టుకుంది. ఇంటికి వెళ్ళినా వదల్లేదు. దర్జీ పని చేసే భర్త సూదిలో దారం ఎక్కిస్తూ, “రోజంతా ఊరందరికీ హలో, నాతో మాత్రం మాట కరువు” అని దెప్పాడు.

“నువ్వు కొలతలు తీసుకోకుండా చొక్కా కుడతావా?” అని ఆమె ఎదురడిగింది.

“కుడితే వేసుకునేవాడు తంతాడు.”

“నన్నెవరూ తన్నలేదు. అందుకే తొమ్మిదేళ్ళు కొలతలు లేకుండానే కుట్టాను.”

మర్నాడు సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళి, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఫోను వాడుకుంటానంది.

“ఓవర్‌టైం ఇప్పించలేనమ్మా.”

“అడగలేదు గదా సార్.”

అప్పటి జాబితాలో ఎర్ర సిరా పడ్డ పేర్లు అరవై రెండు. తొమ్మిది సాయంత్రాల్లో అందరికీ ఫోన్ చేసింది. నలభై తొమ్మిది మంది ఎత్తారు. ముగ్గురు తమకిక అవసరం లేదన్నారు; మిగిలిన నలభై ఆరుగురు వెంటనే వస్తామన్నారు. పొద్దున పదకొండింటికి ఎక్కడుంటారని ప్రతివారినీ అడిగి, జవాబును పేరు పక్కన రాసుకుంది: బస్సు నడుపుతూ. ఇంకొకరి ఇంట్లో వంట చేస్తూ. ఇటుకలు మోస్తూ. ఒక తండ్రి మాత్రం, “రాత్రి డ్యూటీ అమ్మా, ఆ టైముకి నిద్రలో ఉంటాను. లేపితే మా ఆవిడ మీతో గొడవకొస్తుంది” అన్నాడు. అదీ రాసుకుంది.

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి వచ్చాడు. పిలిచినా జనం రావడం లేదని పాత నివేదికలు చూసి, ఇద్దరు శిక్షకుల పోస్టులకు నిధులు ఆపేయాలని నిర్ణయించుకునే వచ్చాడు. గంటమ్మ రిజిస్టరు ఆయన ముందు పెట్టింది.

“ఇవన్నీ మీరు రాసుకున్న మాటలు. నిజమని నమ్మేదెలా?”

అడగదగ్గ ప్రశ్నే అది. గంటమ్మ నొచ్చుకోలేదు. “నన్ను నమ్మకండి సార్. ఇదిగో ఫోను, టైము పదకొండు దాటింది. మీకు నచ్చిన అయిదు నంబర్లకు చేయండి.”

చేశాడు. ఒక్కరే ఎత్తారు. “ఆరింటికి మళ్ళీ రండి” అందామె. వస్తాడని సూపరింటెండెంటు అనుకోలేదు. ఆయన వచ్చాడు. ఆ అయిదు నంబర్లకే మళ్ళీ చేశాడు. నలుగురు ఎత్తారు. నాలుగో ఫోనులో లాండ్రీ ఆవిడ, “నిజంగా కేంద్రం నుంచేనా? ఎవరైనా ఆటపట్టిస్తున్నారా?” అని మూడుసార్లు అడిగింది. ఆయన మూడుసార్లూ ఓపిగ్గా అవునన్నాడు.

పోస్టులు నిలిచాయి. ఆ ఇద్దరు శిక్షకుల పని వేళలు మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిది దాకా మారాయి. మూడు వేర్వేరు వేళల్లో మూడుసార్లు చేసినా ఎత్తకపోతే తప్ప ఎవరి పేరూ కిందికి పోకూడదని ఉత్తర్వు వచ్చింది. ఎర్ర సిరా పడ్డ పేర్లన్నీ తమ పాత స్థానాలకు చేరాయి. లాండ్రీ ఆవిడ కూతురు పంతొమ్మిదో పేరు. ఆ పిల్లకు ముందున్న పద్దెనిమిది మందిలో ఒక్కరినీ దాటించలేదు. ఆరేళ్ళు నిండడానికి నలభై రోజుల ముందు దాని వంతు వచ్చింది. ఫోన్ చేసింది సాయంత్రం ఆరున్నరకు. తల్లి మొదటి గంటకే ఎత్తింది.

అందరికీ అలా జరగలేదు. ముగ్గురు పిల్లలకు అప్పటికే వయసు దాటిపోయింది. వాళ్ళకు సడలింపు ఇవ్వాలని గంటమ్మ ప్రతి నెలా ఒక కాగితం పంపేది. ఇద్దరికి మంజూరైంది.

లాండ్రీ ఆవిడ కూతురు, చేరిన నాలుగో నెలలో మెట్ల కింద గదిలోకి వచ్చి, మాటకు బదులు చూపించడానికి మెడలో వేలాడే బొమ్మల అట్టల్లోంచి ఫోను బొమ్మ ఏరి గంటమ్మ ముందు పెట్టింది. ఎవరూ చెప్పకుండా ఆ పిల్ల అడిగిన మొదటి వస్తువు అది. గంటమ్మ రిసీవరు అందించింది. పిల్ల మోత అందుకుంది.

గంటమ్మ నిధులు తేలేదు, ఎవరికీ వంతు మించి ఇప్పించలేదు. ఎత్తే వేళకు ఫోన్ చేసి, ఎత్తనివాళ్ళు అక్కర్లేనివాళ్ళు కారని రుజువు చేసింది. తొమ్మిదేళ్ళు ఆలస్యంగా చేసింది. అయినా చేసింది.