అద్దంలో ఎదురు షాపు

మంగలి పనిలో అతని చేతికి తిరుగులేదు. ఆ మాట కాదనేవాడు వీధిలో లేడు. దరిద్రమంతా కళ్ళతోనే వచ్చింది. తోడల్లుడు సరిగ్గా ఎదురుగా ఏసీ సెలూన్ తెరిచాడు. ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు! అప్పట్నుంచీ ఇతని అద్దంలో పొద్దస్తమానం ఆ షాపే. ఎవరు లోపలికెళ్తున్నారు, ఎవరు నవ్వుకుంటూ బయటికొస్తున్నారు... కత్తెర ఒకరి తల మీద, కళ్ళు రోడ్డవతల.

ఇంటికెళ్ళినా అదే గోల.

"వాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే!"

"నేర్పారు, బాగుపడ్డాడు. మీకొచ్చిన నష్టమేంటి?" అంటుంది భార్య. అవతలివాడి పెళ్ళాం ఆమెకి సొంత చెల్లెలు మరి.

నష్టమేమిటో అతనికీ తెలీదు. అన్నం మాత్రం సహించదు. ఎటు తిరిగినా వాడే కనిపించి ఊపిరాడదు.

ఒకరోజు లెక్కల మాస్టారి చెవి తెగింది. పాతవాళ్ళలో ఆయనొక్కరే మిగిలారు.

"చెయ్యి ఇక్కడ, చూపు అక్కడ! ఇంకోసారి నీ చూపు పక్కకెళ్ళిందో, నేనూ అక్కడికే పోతానయ్యా," అన్నారు దూది ఒత్తుకుంటూ.

ఆయన కూడా పోతే ఇక షాపు మూసుకోవడమే. ఆ సాయంత్రమే మొగుడూ పెళ్ళాం కలిసి అద్దం ఊడదీసి పక్క గోడకి బిగించారు. కుర్చీ కూడా అటే తిప్పారు. ఇప్పుడు అందులో వెల్ల గోడ తప్ప ఏమీ కనపడదు. హమ్మయ్య! ముద్ద దిగింది, నిద్ర పట్టింది. మాస్టారు మళ్ళీ వచ్చి, బెంచీ మీద పేపరు తెరిచి కూర్చున్నారు.

ఆయనకంటే ముందు కుర్చీ ఎక్కింది ఎవరనుకున్నారు? తోడల్లుడే!

"మా కుర్రాళ్ళకి నా గడ్డం అప్పగించలేను అన్నయ్యా. చెయ్యంటే నీదే."

ఇంతకంటే ఏం కావాలి మనిషికి? ఎన్నాళ్ళనుంచో వినాలని తపించిన మాట. పొంగిపోతూ నురగ పట్టించాడు. గడ్డం సగం గీశాడు. తలెత్తి అద్దంలోకి చూశాడు. ఎదురు షాపు లేదు. కిందా పైనా రెండు తలలున్నాయి. కిందది నల్లగా, ఒత్తుగా ఉంది. పైది నడినెత్తిన నున్నగా ఉంది.

"ఏం నూనె రాస్తున్నావురా?" అన్నాడు.

కత్తి తోడల్లుడి గొంతు దగ్గరే ఉంది, చూపు మాత్రం ఆ జుట్టు మీద అతుక్కుపోయింది. పాపం, రెండో చేతి నురగతోనే తన బట్టతల తడుముకున్నాడు. మాస్టారు అంతా చూస్తూనే ఉన్నారు. పేపరు మడిచి, చెప్పులు వేసుకుని రోడ్డు దాటారు.