పొగ పోయిన అటక

చిన్నప్పుడు బడి నుంచి వస్తూ గెడ్డ నీళ్లు దాటగానే మా అమ్మ దగ్గు వినిపించేది. అమ్మ ఇంట్లోనే ఉందని, పొయ్యి వెలిగిందని, ఇంకాసేపట్లో అంబలి దొరుకుతుందని ఆ దగ్గుతోనే తెలిసేది. దగ్గంటే నాకు ఆకలి తీరే కబురు. పెద్దయ్యాక పాడేరు ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టి చూపించిన రోజు నుంచి అదే దగ్గు వింటే భయం మొదలైంది. జీవితమంతా పొగ పీల్చిన ఊపిరితిత్తులట. ఇక బాగుపడవు, పొగకి దూరంగా ఉంటే మాత్రం ఇంకొన్నాళ్లు నెట్టుకురావచ్చు అన్నాడు. ఆ మాట నాకు చెప్పి, అమ్మకి బిళ్లలు ఇచ్చి పంపాడు.

అప్పటికి నేను పొగరాని పొయ్యిల పథకంలో పని చేస్తున్నాను. ఊరూరా తిరిగి దరఖాస్తులు నింపడం, ఫొటోలు తీసి ఫోన్లో ఎక్కించడం నా ఉద్యోగం. కట్టె తక్కువ కాల్చి, పొగని కప్పు మీదుగా బయటికి పంపే గొట్టం పొయ్యి ఇంట్లో పెట్టించుకుంటే, దాని ఖరీదులో ఎక్కువ భాగం సబ్సిడీగా ఖాతాలో పడుతుంది. పట్నంలో డాబా మీద సోలార్ పలకలు పెట్టుకున్నవాళ్లకి ఇస్తారు చూడండి, అలాంటిదే, మా తాహతుకి తగ్గట్టు. షరతు ఒక్కటే. పాత పొయ్యి పగలగొట్టాలి. పగిలిన మట్టి, కొత్త పొయ్యి, ఇంటావిడ ముఖం ఒకే ఫొటోలో పడాలి. రెండూ ఉంచుకుంటే జనం పాతదాని మీదే వండుకుంటారని పైవాళ్ల అనుమానం. ఆ అనుమానం తప్పని నేను అనను. ఆ షరతు నన్ను రాయమన్నా అలాగే రాసి ఉండేవాణ్ణి.

మా ఊరికి జి.మాడుగుల దాటి జీపు ఆగేచోట దిగి ఇంకా గంటన్నర నడవాలి. పద్నాలుగు ఇళ్లు. గ్యాస్ సిలిండర్లు అందరికీ ఇచ్చారు కానీ అయిపోయాక వాటిని భుజాన వేసుకుని కొండ దిగే ఓపిక ఎవరికీ లేదు. మా ఇంట్లో సిలిండరు కోళ్లగూడు తలుపుకి ఆనించి ఉంది. పాడేరులో నా గదికి అమ్మని తీసుకొచ్చాను. నాలుగో రోజు నేను ఆఫీసుకి వెళ్లగానే జీపెక్కి ఇంటికి పోయింది. ఇక మిగిలింది ఈ గొట్టం పొయ్యి ఒక్కటే. దరఖాస్తుల్లో మొదటి పేరు అమ్మదే రాశాను.

అమ్మకి ఇష్టం లేదు. నా ఉద్యోగానికి మంచిదని ఒప్పుకుంది. పాత పొయ్యిలోంచి నిప్పులు పెంకులోకి తీసి కొత్తదాంట్లో వేసింది, ఆ నిప్పు ఆరిపోకూడదని. తర్వాత గునపం నేనే పట్టాను. మా నాయనమ్మ అలికిన పొయ్యి అది. నాలుగు పోట్లకి కూలింది. మా మేనమామ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"పొగ రాని ఇల్లు పీనుగెల్లిన ఇల్లురా" అన్నాడు.

మా కొండల్లో మనిషి పోయిన ఇంట మూడు రోజులు పొయ్యి వెలిగించరు. ఆయన అన్నది దాని గురించే. నాకు ఒళ్లు మండింది. చెల్లెలు బతకడం నీకు ఇష్టం లేదా అని అడిగాను. ఆయన గుమ్మం దిగి వెళ్లిపోయాడు. తర్వాత జాబితాలో ఆయన పేరు ఎదురుగా 'నిరాకరించారు' అని రాసుకున్నాను. ఆ మాట రాస్తున్నప్పుడు కాస్త హాయిగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

అమ్మ దగ్గు తగ్గింది. ఇక్కడ నేను అబద్ధం చెప్పడం లేదు. ఆ చలికాలమంతా తగ్గింది. పుష్యమాసంలో మంచు గుమ్మందాకా వచ్చి కూర్చునే రోజుల్లో కూడా అమ్మ రాత్రి పడుకుని తెల్లారాకే లేచింది. ఒకరోజు గెడ్డ నుంచి నీళ్లకుండ మోసుకొస్తూ మధ్యలో ఎక్కడా ఆగలేదు. నేను వెనకాలే నడుస్తూ లెక్కపెట్టుకున్నాను, ఒక్కసారి కూడా ఆగలేదు. అది చూసి ఊళ్లో ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చారు. మేనమామ తప్ప పదమూడు ఇళ్లవాళ్లూ పాత పొయ్యిలు పగలగొట్టారు. అన్ని ఫొటోలూ నేనే తీశాను.

మా ఇళ్లలో పొయ్యికి సరిగ్గా పైన వెదురు అటక ఉంటుంది. కొండకందులు కోసి, నూర్చి, వచ్చే ఏటికి విత్తనం ఎండబెట్టిన ఆనపబుర్రల్లో పోసి ఆ అటక మీద పెడతారు. అక్కడే ఎందుకు అని ఎవరూ అడగలేదు. మా అమ్మ పుట్టకముందు నుంచీ అవి అక్కడే ఉన్నాయి. పొగ ఎప్పుడూ ఉండేదే కాబట్టి అది కూడా ఒక పని చేస్తోందని ఎవరి బుర్రకీ తట్టలేదు, వ్యవసాయం మీద నాలుగు శిక్షణ తరగతులకి వెళ్లొచ్చిన నాకైతే అసలే తట్టలేదు. మసి పట్టిన అటకని కడిగి శుభ్రం చేయమని అమ్మకి సలహా ఇచ్చింది కూడా నేనే.

చైత్రంలో విత్తనాల పండగ. ఊరి దేవుడి రాయి దగ్గర ఇంటింటి నుంచీ ఆకుదొప్పలో విత్తనం తెచ్చి ఒకే బుట్టలో పోస్తారు. పూజారి కలుపుతాడు. కలిపిన దాంట్లోంచి తలా గుప్పెడు తీసుకెళ్లి ఎవరి విత్తనంలో వాళ్లు కలుపుకుంటారు. ఊరి విత్తనం ఒకటే అని దానర్థం. ఆ ఉదయం అమ్మ బుర్ర దించి మూత తీసింది. లోపల చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికింది. చేతికి తెల్లటి పిండి అంటుకుని వచ్చింది. ప్రతి గింజకీ సూదితో పొడిచినట్టు పురుగు చిల్లు.

ఎలాగో నాలుగు మంచి గింజలు ఏరుకుని దేవుడి దగ్గరికి వెళ్లాం. అక్కడ అందరూ దొప్పలు వెనక్కి పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ముందు పొయ్యరు. పూజారి బుట్ట ఖాళీగా ఉంది. పదమూడు ఇళ్లదీ అదే సంగతి, ఎవరింటిది వాళ్ల పాపమే అనుకుని దాచుకుంటున్నారు. అప్పుడు మేనమామ వచ్చి తన దొప్ప బుట్టలో ఒంపాడు. మసికి నల్లబడి నిగనిగలాడుతున్న కందులు. నన్ను ఒక్క మాట అంటాడేమోనని చూశాను. అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ బుట్టలోంచి, మేనమామ తర్వాత తెచ్చి పోసిన బుర్రలోంచి ఇంటికో చారెడు వచ్చింది. అది విత్తి, పండించి, మళ్లీ విత్తనం చేసుకోవాలి. మా పాత ఎర్రకంది మాత్రం మేనమామ దగ్గర కూడా లేదు, అది పండగ బుట్టలో కలిపేది కాదు, మా ఇంట్లోనే ఉండేది. ఇప్పుడు ఎక్కడా లేదు.

ఆ సాయంత్రమే అమ్మ మట్టి తొక్కింది. కొత్త పొయ్యి పక్కనే, అటక కింద, పాతదాని చోటులో పాతదాని కొలతకే పొయ్యి వేసింది. నేను బతిమాలాను, కోప్పడ్డాను. విత్తనానికి మందు బిళ్లలు తెస్తానన్నాను, రేకుడబ్బా తెస్తానన్నాను. మేనమామ అటక మీద పెట్టిద్దామన్నాను. విత్తనం సొంత పొయ్యిని విడిచి ఒక్క రాత్రి కూడా బయట ఉండకూడదని మా వాళ్ల పట్టింపు. అందుకే పెరట్లో వేరే పాక వేస్తానన్నా కుదరదంది. ఒకసారి నా మాట విన్నది చాలదా అని అమ్మ అనలేదు కానీ నాకు అలాగే వినిపించింది.

"పొగ పీలిస్తే చచ్చిపోతావని డాక్టరు చెప్పాడే" అన్నాను. అంతవరకు ఆమెకి చెప్పని మాట అది.

అమ్మ చేతులకి మట్టి. తలెత్తకుండానే అంది. "నాకు తెల్దేటి. నా ఊపిరి నాతోటే పోతాది నాయినా. ఇత్తనం మాత్రం నా సేతిల పోకూడదు."

మరుసటి పుష్యానికి కందులు అటకెక్కాయి, రెండు బుర్రల నిండా. అమ్మ పొగ కోసమని పచ్చికట్టె పెట్టేది. వంట అయిపోయినా ఆర్పేది కాదు. దగ్గు తిరిగొచ్చింది, ఈసారి గెడ్డ అవతలికి కూడా వినిపించేంతగా. నీళ్లకుండ ఇప్పుడు పక్కింటావిడ తెచ్చి పెడుతోంది.

మొన్న తనిఖీ ఫారాలు పట్టుకుని ఊరికి వెళ్లాను. సబ్సిడీ పొందిన ప్రతి ఇంటా చూసి రాయాలి. పాత పొయ్యి వాడుకలో ఉందా, లేదా. అమ్మ పక్కనే పీట మీద కూర్చుని, పొగకి కళ్లు తుడుచుకుంటూ 'లేదు' అని రాశాను. గునపం ఇంకా మూలనే ఉంది. దానివైపు ఒకసారి చూశాను. అమ్మ కూడా చూసింది.

కట్టె అంటుకోవడం లేదు. అమ్మ ఊదుగొట్టం నోటికి పెట్టుకుని ఊదబోయింది. గాలి రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. గొట్టం కిందికి దించి, ఊపిరి అందేదాకా ఆగి, నా చేతికి ఇచ్చింది.

"నువ్వు ఊదు నాయినా. పచ్చిది, బేగి అంటుకోదు."

తీసుకున్నాను. ఊదాను. మూడోసారి ఊదేసరికి పొగ దట్టంగా లేచి అటకని కమ్మింది, బుర్రలు కనపడకుండా పోయాయి. అమ్మ గోడకి ఆనుకుని దగ్గడం మొదలుపెట్టింది. నేను ఆపలేదు, ఊదుతూనే ఉన్నాను.