పారిపోయినవాళ్ళ ప్రకటనలు

దోహాలో చరిత్ర పాఠాలు చెబుతూ, అమెరికా స్వాతంత్ర్య పోరాట కాలం మీద పుస్తకం రాస్తున్న రోజులవి. స్వేచ్ఛ కోసం యుద్ధం చేస్తున్న పెద్దమనుషులే తమ ఇంటి బానిస పారిపోతే పత్రికలో ప్రకటన వేయించేవారు: ఇంత ఎత్తు, నుదుటి మీద మచ్చ, నీలం కోటు, పట్టిచ్చినవారికి బహుమానం. అలాంటి ప్రకటనల నకళ్ళు నా ఆఫీసు గది గోడ నిండా అంటించుకున్నాను.

మా అంతస్తు శుభ్రం చేసే మనిషిది జగిత్యాల దగ్గరి పల్లె. ఒక మధ్యాహ్నం అతను ఫోన్ తెచ్చి నా ముందుంచాడు.

"మేడమ్, గిది మా తమ్ముని ఫోటో. కింద ఏం రాసిండ్రో జర సదువుండ్రి."

తమ్ముడు పనిచేసే కంపెనీ వాట్సాప్‌లో తిప్పుతున్న నోటీసు అది. పని వదిలి పారిపోయాడు, ఎవరూ పని ఇవ్వకూడదు, ఆశ్రయం ఇవ్వకూడదు, కనిపిస్తే తెలియజేయాలి. మొత్తం చదివి వినిపించాను.

"ఏం తప్పు జేసిండని రాసిండ్రు?"

"అది రాయలేదు."

అతను గోడకేసి చూసి, వాళ్ళెవరని అడిగాడు. చెప్పాను.

"దొరికిండ్రా మరి?"

"చాలామంది సంగతి తెలీదు."

"ఇంత సదివినంక గూడ తెల్వదా మేడమ్?"

శుక్రవారం నా కారులో ఇద్దరం బిర్కత్ అల్ అవామిర్‌లోని తమ్ముడుండే కార్మికుల క్యాంప్‌కు వెళ్ళాం. తమ్ముడి మంచం మీద అప్పటికే వేరే మనిషి ఉన్నాడు. జ్వరమొచ్చి సెలవడిగితే ఇవ్వలేదనీ, మూడో రోజు డ్యూటీ బస్సు ఎక్కకుండా సంచీతో నడిచి వెళ్ళిపోయాడనీ పక్క మంచం అతను చెప్పాడు. రోజుకూలీ దొరికే అబూ హమూర్ మార్కెట్‌లో ఎండలో ఫోటో చూపిస్తూ తిరిగాం. ఎవరూ చూడలేదన్నారు.

తిరుగుదారిలో అతను నెమ్మదిగా అడిగాడు.

"ఆడు ఫోన్ జేస్తే మీ ఇంట్ల రెండ్రోజులు ఉండనిస్తరా మేడమ్? ఎంబసీకి పొయ్యేదాంక."

మదీనత్ ఖలీఫాలోని మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. కానీ పారిపోయినవాళ్ళకు చోటివ్వడం ఇక్కడ నేరం; నా వీసా గుర్తొచ్చింది, ఉద్యోగం గుర్తొచ్చింది. పారిపోయినవాళ్ళకు తలుపు తీయని ఊళ్ళను తప్పుబడుతూ ఒక అధ్యాయమే రాసినదాన్ని. రోడ్డు మీదే చూపు పెట్టి కారు నడిపాను. అతను మళ్ళీ అడగలేదు.

తొమ్మిది రోజుల తర్వాత తమ్ముడు పట్టుబడ్డాడు. ఊరికి పంపేస్తారట.

"మొన్న ఫోన్ జేసిండు మేడమ్. మార్కెట్ ఎనక లారీ కింద పండుకున్ననన్నడు. ఎటు రావాలె అన్నా అని అడిగిండు. నాకేం చెప్పాల్నో సమజ్ గాలే."

తప్పు నాదేనన్నాను.

"మీరేం జేస్తరు మేడమ్," అంటూ నా చెత్తబుట్ట తీసుకుని వెళ్ళాడు. ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.