గోడకు ఇవతల దమ్ము పట్టిన మనిషి

మొన్న మంగళవారం పొద్దున, కంపెనీలో కొత్తగా చేరబోతున్న ఒక ఒడిశా అబ్బాయిని ఛాతీ ఎక్స్‌రే కోసం స్టాండుకు ఆనించి నిలబెడుతుంటే ఫోను మోగింది. తీయలేదు. గదిలో పేషెంటు ఉండగా ఫోను ముట్టకూడదని నాకు నేర్పిన మనిషి గురించే ఆ ఫోను అని అప్పటికి తెలియదు. ఆ అబ్బాయిని పంపించి తిరిగి చేస్తే సార్ కూతురు ఎత్తింది. "అక్కా, నాయిన పోయిండు" అంది. బయట బెంచీ మీద ఇంకా మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళందరివీ తీసి అప్పుడు సార్ ఊరు జిన్నారం బస్సెక్కాను. సార్ ఉన్నా అదే చేయమనేవారు.

సార్ అంటే పటాన్‌చెరులో మా చిన్న ఆసుపత్రి ఎక్స్‌రే టెక్నీషియన్. నా గురువు. పెళ్ళయి, పిల్లలు పుట్టి, మందుల కంపెనీలో గోలీలు డబ్బాలకెత్తే పని చేసి, ఆ తర్వాత నేను ఈ చదువుకు వచ్చాను. డిప్లొమా క్లాసులో పిల్లలు నన్ను ఆంటీ అని పిలిచేవారు. ట్రైనింగుకు సార్ దగ్గరికి పంపిస్తే, ఆయన నన్ను చూసి "హమ్మయ్య, ఒక ఆడమనిషొచ్చింది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఊడ్చి తుడిచే పని చెప్తారేమో అనుకున్నాను.

ఆ మాటకు అర్థం కొన్నాళ్ళకు తెలిసింది. నడుం నొప్పని ఒక కొత్త కోడలు అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. కడుపుతో ఉన్నారేమో తెలుసుకోకుండా ఎక్స్‌రే తీయకూడదు కాబట్టి అడిగాను. ఆ పిల్ల అత్త ముఖం వైపు చూసి, లేదని తల ఊపింది. నేను మెషిన్ వైపు తిరిగాను. సార్ మాత్రం "పెద్దమ్మా, నువ్వు జెర బయట కూసో" అని అత్తను పంపి, తనూ బయటికి పోతూ "ఇప్పుడడుగు" అని నాతో మెల్లగా అన్నారు. అడిగితే ఆ పిల్ల తల దించుకుంది. నెల తప్పిందట. మూడో నెల వచ్చేదాకా నోరు విప్పొద్దని తల్లి చెప్పిందట. డాక్టరు దగ్గరికి తిప్పి పంపించాం.

"అత్త ముంగట అడిగితే ఏ కోడలు జెప్తది బిడ్డా? మొగోణ్ని, నేనడిగితే అసలే జెప్పదు. గందుకే ఈ అర్రకు నీ అసొంటి బిడ్డ గావాలె. గని కాయితంతోని గావాలె" అన్నారు సార్.

కాయితం అంటే రాష్ట్ర బోర్డు ఇచ్చే రిజిస్ట్రేషన్. డిప్లొమా చేతికొచ్చినా అది లేకుండా ఎక్స్‌రే బటన్ నొక్కకూడదు. నొక్కేవాళ్ళు లేరని కాదు. ముత్తంగి దగ్గర ఒక సెంటరువాళ్ళు, కాయితం సంగతి తర్వాత చూసుకుందాం, రేపే చేరమన్నారు. మా ఆయన కంపెనీలో షిఫ్టులు తగ్గించిన రోజులవి. సార్‌కు చెప్పి చేరిపోదామని వెళ్ళాను. ఆయన నా మాట మొత్తం విని, "లైసెన్స్ లేకుంట బండి నడిపితె పోలీసాయన ఆపుతడు. ఇక్కడ నిన్నెవ్వడు ఆపడు. ఎవ్వడు ఆపని కాడ మనమే ఆగాలె" అన్నారు. వారం రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను, కానీ చేరలేదు.

ఆగడం సుళువు కాలేదు. మార్కుల మెమోల్లో నాది పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. అప్లికేషన్ తిరిగొచ్చింది. అఫిడవిట్ కోసం సంగారెడ్డి కోర్టు దగ్గరికి నాతోపాటు సార్ కూడా వచ్చి, ఎండలో నిలబడి, "నీ పెండ్లి నేను జెయ్యలే, ఇంటిపేరు నేను మార్పలే. నా కాళ్ళెందుకు గుంజుతున్నయ్?" అని నవ్వారు. నవ్వుతూనే దగ్గారు. ఆ దగ్గు అప్పటికే మొదలైంది.

ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. ఛాతీ ఎక్స్‌రే అంటే నిండుగా గాలి పీల్చి బిగబట్టాలి. సార్ "దమ్ము వట్టు" అని చెప్పి, కిరణాలు తగలకుండా సీసపు పలక పొదిగిన గోడకు ఇవతలికి వచ్చి, తనూ దమ్ము పట్టేవారు. హిందీవాళ్ళయితే "సాన్స్ రోకో" అని, తనదీ ఆపేవారు. బటన్ నొక్కి, "ఇగ ఇడువు" అన్నాకే తనూ వదిలేవారు. రోజంతా అదే వరస. మీరెందుకు సార్ అని నవ్వాను ఒకసారి.

"మెషిన్ల వడి మనిషిని మర్సిపోతం బిడ్డా. పాపం, ఆళ్ళు భయానికి మనం జెప్పిందాక ఇడువరు. నీ దమ్ము ఆగితె ఆళ్ళ దమ్ము యాదికుంటది" అన్నారు.

దగ్గు ముదిరింది. ఎక్స్‌రే తీయించుకోమని పోరు పెట్టాను. తనది తాను తీసుకోలేరు. ఆ గదిలో ఉన్న రెండో మనిషిని నేను, నాకు కాయితం లేదు. పటాన్‌చెరులో సెంటర్లకేం కరువు, ఎక్కడికైనా పోవచ్చు. "ఇది కంపెనీల గాలి దగ్గు, ఏం గాదు. నీ కాయితం రానీ, నా బొమ్మ నువ్వే తీద్దువు" అనేవారు. హాస్యానికి అంటున్నారనుకున్నాను. ఎదుటివాళ్ళ ఛాతీ గురించి అంత పట్టింపు ఉన్న మనిషి తన ఛాతీని అలా గాలికొదిలేసినందుకు నాకిప్పటికీ ఆయన మీద కోపమే.

రిజిస్ట్రేషన్ వచ్చిన రోజు ఆసుపత్రికి పరుగున పోయి చూపించాను. సార్ కళ్ళజోడు పెట్టుకుని పేరు, ఇంటిపేరు, ముద్ర అన్నీ చూశారు. తర్వాత చొక్కా విప్పి, మెడలో తాయత్తు తీసి బల్ల మీద పెట్టి, పోయి స్టాండు ముందు నిలబడ్డారు. "ఊ, కానియ్" అన్నారు.

గడ్డం పైకెత్తించాను. భుజాలు ముందుకు వంచాను. ఆయన ఒంటి మీద చెయ్యి వేయడం అదే మొదలు. ఎముకలు తగిలాయి. "దమ్ము పట్టుండ్రి సార్" అని ఇవతలికి వచ్చి, నేనూ పట్టి, బటన్ నొక్కాను. స్క్రీన్ మీద బొమ్మ పడింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లగా, పిడికిలంత మచ్చ. నా దమ్ము ఎప్పుడు వదిలానో తెలియదు. చూస్తూ ఉండిపోయాను. టకటకమని చప్పుడైంది. సార్ వేళ్ళతో స్టాండును కొడుతున్నారు. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి, గడ్డం నేను ఎత్తినచోటే ఉంది. చెప్పందే వదలకూడదని అలాగే నిలబడ్డారు.

"ఇడువుండ్రి సార్, ఇడువుండ్రి!" అని అరిచాను.

వదిలి, దగ్గి, "సంపుతవా ఏంది?" అని నవ్వుతూ ఇవతలికి వచ్చారు. స్క్రీన్ చూసి నవ్వు ఆపేశారు. చాలాసేపు చూశారు. నేను ఏడుస్తున్నాను. ఆయన నా వైపు తిరక్కుండానే, "మంచిగ తీసినవ్ బిడ్డా. భుజాల ఎముకలు అడ్డం రాలే, సాఫ్ గున్నది" అన్నారు.

క్యాన్సర్ అప్పటికే ముదిరిందని, నా కాయితం కోసం ఆగిన ఆ కొన్ని వారాలవల్ల తేడా ఏమీ పడలేదని డాక్టరు చెప్పాడు. ఆ మాటను గట్టిగా పట్టుకుని ఉన్నాను. ఆ గది నాకు అప్పగించి సార్ ఇంటిపట్టున ఉన్నారు. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా బయట బెంచీ మీద లేబర్ పక్కన కూర్చుని, లోపల్నుంచి నా గొంతు వినేవారు. ఏ అత్తనైనా నేను బయటికి పంపిస్తే పక్కకు జరిగి చోటిచ్చేవారు.

మొన్న జిన్నారంలో సార్‌ను ఇంటి ముందు చాప మీద పడుకోబెట్టారు. దవడకు గుడ్డ కట్టడంతో గడ్డం కొంచెం పైకి లేచి ఉంది. బస్సు దిగిన దగ్గర్నుంచీ ఏడుపు రాలేదు, గుండెలో గాలి ఎక్కడో నిలిచిపోయినట్టుంది. ఆడవాళ్ళు నాకు దారి ఇచ్చారు. చెవి దగ్గరికి వంగాను.

"అయిపోయింది సార్. ఇగ ఇడువుండ్రి" అన్నాను. అప్పుడు నా దమ్ము వదిలాను.