మీగడ రంగు

జగ్గయ్యపేట బజారులో మా నాన్నకున్న బట్టల కొట్టులో తెలుపు అనే రంగు ఉండేది కాదు. మల్లెపూవు ఉండేది, ముత్యం ఉండేది, గంధం, కొబ్బరిపాలు, మీగడ ఉండేవి. తెలుపు మాత్రం లేదు. ఒకసారి ఎవరో ఆవిడ పట్టుబట్టి తెల్లచీరే కావాలంటే, మా నాన్న గొంతు తగ్గించి, ఎవరు పోయారండీ అని పరామర్శించాడట.

అంతటి కొట్టు నుంచి ఏడాదికి రెండుసార్లు, ఏ పేరూ పెట్టని చీర ఒకటి కాగితంలో చుట్టుకుని మా ఇంటికి వచ్చేది. అది మా నాయనమ్మకి. నేను పుట్టకముందే తాతయ్య పోయాడు. అప్పట్నుంచీ ఆవిడకి ఆ ఒక్క రంగే.

నాకు ఆరేళ్ళప్పుడు దండెం మీద ఆరేసిన ఆవిడ చీర చుట్టుకుని టీచరాట ఆడుకుంటున్నాను. ఆవిడ వచ్చి, చీర లాగేసి, వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ చప్పుడు చిల్లకల్లు అడ్డరోడ్డు దాకా వినబడి లారీలు ఆగి ఉంటాయని నా అంచనా. కొట్టింది తనే, ఏడ్చిందీ తనే. “ఈ రంగు నీ ఒంటి మీద నేను చూడలేనే” అంది. ఆవిడ చేతి దెబ్బ నా జన్మకి అదొక్కటే.

పెళ్ళిళ్ళకి వెళ్ళేది కాదు. పెళ్ళి మా ఇంట్లోనే జరిగితే, పెళ్ళికూతురు గదిలోంచి బయటికొచ్చే వేళకి, ఎవరూ చెప్పకుండానే లేచి పెరటి వరండాలో కూర్చుని బియ్యం ఏరేది. మా పెద్దక్క పెళ్ళినాడైతే బస్తా బియ్యంలో రాళ్ళన్నీ అయిపోయినా లేవకుండా, మళ్ళీ మొదటినుంచీ ఏరింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, డిగ్రీ అయిన మరుసటి ఏడాది నా స్నేహితురాలికి పెళ్ళి కుదిరింది. నందిగామ కాలేజీలో మూడేళ్ళు నా పక్క సీటు ఆ పిల్లది. వాళ్ళ నాన్నగారు బడిపంతులు, క్రైస్తవులు. సెలవులకి మా ఇంటికొచ్చి నాయనమ్మ చేత జంతికలు చేయించుకుని, బాగాలేవని ఆవిడ మొహం మీదే చెప్పి, డబ్బా ఖాళీ చేసి పోయేది. నాయనమ్మకి ఆ పిల్లంటే ప్రాణం. ఆ పిల్లకి అక్కచెల్లెళ్ళు లేరు కాబట్టి పెళ్ళిలో తన పక్కన నన్నే నిలబడమంది, మేలిముసుగు కొస నేనే పట్టుకోవాలంది. ఓ దానికేం భాగ్యం అన్నాను. అన్నాక చెప్పింది, వాళ్ళ చర్చిలో పెళ్ళికూతురూ, పక్కన నిలబడే అమ్మాయీ కట్టేవి తెల్లచీరలేనని. వాళ్ళకి అదే శుభమట.

బస్సులో నందిగామ నుంచి పేట దాకా నా కళ్ళముందు రెండే బొమ్మలు. నేను మాట తప్పితే ఆ పిల్ల పక్కన ఖాళీ చోటు. మాట నిలబెట్టుకుంటే, తెల్లచీరలో నేను, గుమ్మంలో నాయనమ్మ.

అమ్మ విని కుర్చీలో కూలబడింది. నాన్న మాత్రం ధైర్యంగా, “తెలుపు ఎవరు కట్టమన్నారు? మీగడ కడుతుంది” అన్నాడు. మర్నాడే కొట్టులో ఓ చీర తీశాడు. సన్నటి జరీ అంచు, మెత్తటి పట్టు. అమ్మకి చూపించి, చూశావా మీగడ అన్నాడు. గంట తిరక్కుండా పెళ్ళికూతురి తల్లి ఏవో జాకెట్టు ముక్కలు కొనడానికొచ్చి, అదే చీర చూసి, తెలుపే కదండీ అన్నయ్యగారూ అంది. “మల్లెపూవమ్మా” అన్నాడు నాన్న, రెప్పయినా కొట్టకుండా. ఇద్దరు ఆడవాళ్ళూ తృప్తిగా వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే ఆ చీరకేసి చూస్తూ చెమటలు కక్కుతున్నాను. అది పాలు కాదు, మీగడ కాదు, సున్నం.

ఆ కొట్టు తాతయ్య పెట్టిందే. నాయనమ్మ బట్టల కొట్టాయన పెళ్ళాం. చీరని ఎండలో పెట్టి చూస్తే తప్ప నమ్మదు. తెచ్చిన రోజే నట్టింట్లోంచి పెరట్లోకి తీసుకుపోయి, మిట్టమధ్యాహ్నపు ఎండలో మడత విప్పింది. నాన్న పది అబద్ధాలు సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. అమ్మ తులసమ్మకి దణ్ణం పెట్టుకుంటోంది. నాయనమ్మ బట్టని బొటనవేలితో రుద్ది, కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, “మీగడే. బావుంది” అంది.

నాన్న వాడని పది అబద్ధాలూ గొంతులో అడ్డంపడి దగ్గాడు. నాకు కాసేపటికి గానీ వెలగలేదు. ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాలు. కొన్నేళ్ళుగా లోకంలో ఉన్న తెలుపంతా ఆవిడకి మీగడే.

హమ్మయ్య అనుకునే భాగ్యం రెండు పూటలు నిలిచింది. ఆ శుక్లాలకి బెజవాడలో ఆపరేషన్ రోజు ఖాయం చేసింది ఎవరో కాదు, మా నాన్నే. అది పెళ్ళికి సరిగ్గా రెండు వారాల ముందు. వాయిదా వేయిద్దామా అని నాన్న నసిగితే, అమ్మ ఒక చూపు చూసింది. చీర కోసం తల్లి కన్ను వాయిదా వేసిన కొడుకు మన జిల్లాలోనే ఉండడండీ అంది.

కుడికన్నుకి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టి, నెల్లాళ్ళు తియ్యొద్దన్నారు. ఆవిడ ఆస్పత్రి గేటు దాటకుండానే తీసింది. దారంతా అద్దాలు ఎత్తడం, దింపడం. లారీల వెనక రాతలు పైకి చదివింది. పరిటాల ఆంజనేయస్వామికి అద్దాలెత్తే దణ్ణం పెట్టింది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని తన ఒళ్ళో చీరకేసి చూసుకుంది. ఎడమకన్ను మూసి చూసింది. కుడికన్ను మూసి చూసింది.

“ఒరేయ్, ఈ కంటికి తెలుపు, ఈ కంటికి మీగడ. నేను కట్టేది ఇంత తెలుపట్రా?”

నేను ఆ పెళ్ళిచీర ఉన్న బీరువా తాళం నా జాకెట్లో దాచుకున్నాను.

ఆ వారంలోనే స్నేహితురాలు శుభలేఖ తెచ్చింది. తెచ్చినది వీధి గుమ్మంలో ఇచ్చి పోకుండా తిన్నగా నాయనమ్మ మంచం మీద కూర్చుంది. నేను మీ పెళ్ళిలో ఎదురైతే ఫర్వాలేదా అమ్మాయ్ అని ఆవిడ అడిగింది. ఎదురు రాకపోతేనే ఊరుకోనంది ఆ పిల్ల. నాయనమ్మ నల్లద్దాలు సర్దుకుని, అయితే వస్తున్నా అంది. మా నాన్న మొహం మా కొట్టులో లేని రంగుకి తిరిగింది.

పెళ్ళిరోజు పొద్దున్నే అద్దె కారు. మే నెల. పేటలో రోళ్ళు పగిలే ఎండలో నేను చీర మీద అమ్మ నల్ల శాలువా కప్పుకుని, జలుబు చేసిందని తుమ్ములు నటిస్తూ ఎక్కాను. నాన్న సీట్లు పంచాడు. నన్ను నాయనమ్మకి ఎడమపక్క కూర్చోబెట్టాడు, అంటే మీగడ కంటి వైపు. కారు గతుకులో పడినప్పుడల్లా ఆవిడ అద్దాలు ముక్కు మీదికి జారేవి. జారినప్పుడల్లా నాన్న ముందు సీట్లోంచి, అద్దాలమ్మా, డాక్టరు తిడతాడమ్మా అనేవాడు. నందిగామ చేరేలోపు ఎన్నిసార్లన్నాడో, ఆఖరికి డ్రైవరు కూడా అద్దాలమ్మా అనడం మొదలెట్టాడు.

చర్చిలో శాలువా తీయక తప్పలేదు. తీసి, పెళ్ళికూతురి వెనక మేలిముసుగు పట్టుకుని నడిచాను. చుట్టూ ఎటు చూసినా తెలుపే. గోడలు, పూలు, పిల్లల గౌన్లు, పాస్టరుగారి అంగీ. మా నాన్న కూర్చున్న చోటునుంచి వాటన్నిటికీ పేర్లు వెతుక్కుంటున్నట్టున్నాడు.

పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టారు. అందరూ తలలు వంచారు. వంచని తల ఒక్కటే. నాలుగో వరుసలో మా నాయనమ్మ నల్లద్దాలు తీసి, పమిటతో తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకోలేదు. నన్నే చూసింది. చేత్తో ఎడమకన్ను మూసింది. నా వీపు మీద ఆరేళ్ళ వయసులో దెబ్బ తిన్న చోటు చురుక్కుమంది. కొంచెంసేపు అలాగే చూసి, చెయ్యి మార్చి కుడికన్ను మూసింది. ఆ తర్వాత ఏ కన్నుతో చూసిందో నాకు తెలీదు. నా కళ్ళు నేనే మూసేసుకున్నాను.

పెళ్ళయింది. భార్యాభర్తలిద్దరూ వేదిక దిగి నడవలోకి వస్తున్నారు, నేను వెనకే. మేం నాలుగో వరుస దగ్గరకొచ్చేసరికి నాయనమ్మ లేచింది. ఎవరూ చెప్పలేదు. పెళ్ళికూతురు ఎదురు రావడం చూసి ఆవిడ కాళ్ళు వాటంతటవే లేచాయి. తలొంచుకుని పక్క తలుపు వైపు అడుగేసింది. అక్కడ పెరటి వరండా లేదు, ఏరడానికి బియ్యమూ లేవు. అయినా వెళ్ళిపోతోంది.

పెళ్ళికూతురు ఆగింది. నా చేతిలో ముసుగు బిగుసుకుంది. నా వెనక చిన్నపిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు.

“ఎక్కడికి నాయనమ్మగారూ? ఎదురొస్తానన్నారుగా.”

పూలగుత్తి మొగుడి చేతిలో పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని నడవ మధ్యకి తెచ్చి తన ఎదురుగా నిలబెట్టుకుంది. నాయనమ్మ ఆ పిల్ల చీర చూసింది, తన చీర చూసుకుంది. తర్వాత తల తిప్పి, అద్దాలు లేకుండా, రెండు కళ్ళూ తెరిచి నాకేసి చూసింది. దెబ్బ పడుతుందని నేను వీపు బిగించాను.

“కొంగు సరిగ్గా వేసుకో” అంది.

ఫొటోలో ఆవిడ పెళ్ళికూతురికీ నాకూ మధ్యన ఉంది. మా వైపు పెళ్ళి ఫొటోల్లో ఎక్కడా ఆవిడ లేదు. ఈ ఒక్కదానిలోనూ, ఎవరో మెడ పట్టి నిలబెట్టినట్టు బిర్రబిగుసుకుని ఉంది.

తిరుగు ప్రయాణంలో కారు మళ్ళీ అవే గతుకుల్లో పడింది. డ్రైవరు కూడా అద్దాలమ్మా అనలేదు. చిల్లకల్లు దగ్గర నాయనమ్మే నోరు తెరిచింది.

“మీగడన్నావు గదరా.”

నాన్న వెనక్కి తిరగలేదు. ఆయన చెవులు మాత్రం మా కొట్టులో కుంకుమ రంగని అమ్మేదానికి తిరిగాయి.

“మీ నాన్నా అంతే. రంగుకి పేరు పెట్టి బేరం తేల్చేవాడు. దీన్ని నేను పెళ్ళంతా ఎడమకంటితోనే చూశాలే.” తన కొంగు ఒళ్ళోకి లాక్కుని అంది, “ఒరేయ్, రెండు కళ్ళకీ మీగడగా కనబడేది ఒకటి నాక్కూడా తీసిపెట్టు.”

నాన్న ఆ సాయంత్రం కొట్టు తెరిచి, అరలన్నీ దించి, ఊరంతటికీ రంగులు చెప్పిన మనిషి ఒక్క చీర తీయలేక నానా తిప్పలు పడ్డాడు. చివరికొకటి కాగితంలో చుట్టకుండా, అందరూ చూసేలా భుజం మీద వేసుకుని తెచ్చాడు. నాయనమ్మ దాన్ని ఆ పూట ముట్టుకోలేదు. మర్నాడు ఎండ ముదిరాక పెరట్లోకి పట్టుకెళ్ళి మడత విప్పింది.

నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి ఆయన దగ్గర అబద్ధం ఒక్కటీ లేదు.